తెలుగు ఎంపీలందరికీ బహిరంగ లేఖ: ఆ రెండొందల సంగతి ఎవరు అడుగుతారు?

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్‌కు 25 సీట్లు, తెలంగాణకు 17. రాజ్యసభలో 11, 7. మొత్తం అరవై. ఈ ఉత్తరం ఆ అరవై మందికీ రాస్తున్నాను. పార్టీలవారీగా విడగొట్టలేదు. ఎందుకంటే ఈ విషయంలో ఏ పార్టీకీ ఇంకో పార్టీని వేలెత్తి చూపే ముఖం లేదు. 2006 నుంచి ఢిల్లీలో ఎవరు కూర్చున్నా చేసింది ఒకటే.

విషయం వృద్ధాప్య పింఛను. మన ఊళ్లలో చేతికొచ్చే నాలుగు వేలో, రెండు వేల పదహారో కాదు. అందులో కేంద్రం వేసే వాటా గురించి. 60 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న నిరుపేదకు కేంద్రం నెలకు ఇచ్చేది 200 రూపాయలు. 80 నిండితే 500. వితంతువులకు, వికలాంగులకు 300. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 1995 ఆగస్టు 15న మొదలైనప్పుడు వృద్ధులకు 75 రూపాయలు ఉండేది. 2006లో 200 చేశారు. 2011లో వయసు 65 నుంచి 60కి తగ్గించి, 80 దాటినవాళ్లకు 500 అన్నారు. 2012లో వితంతువుల, వికలాంగుల మొత్తం 300 అయింది. అంతటితో సరి. ఆ 200 రూపాయలు 2006లో ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు మీకు ఓటు వేసే వయసుకు వచ్చేశారు.

"మా రాష్ట్రంలో రెండొందలు ఎవరికొస్తున్నాయి మాస్టారూ, నాలుగు వేలు ఇస్తుంటే" అని మీలో కొందరు అనొచ్చు. నిజమే, మన దగ్గర ఈ రెండొందలు కంటికి కనపడవు. రాష్ట్రం ఇచ్చే మొత్తంలో కలిసిపోయి వస్తాయి. కేంద్రం జాబితాలో ఉన్న కొద్దిమందికి ఆ వాటా అందుతుంది, మిగతా డబ్బంతా రాష్ట్రం వేసుకుంటుంది. జాబితాలో లేనివాళ్ల భారం పూర్తిగా రాష్ట్రానిదే. అందుకే తెలుగు రాష్ట్రాల్లో ఏ ముసలమ్మా రెండొందలు చాలవని మీ కారు ఆపదు. కోపమొచ్చినా, సంతోషమొచ్చినా అది ముఖ్యమంత్రి ఖాతాలోకే పోతుంది. మీ జోలికి ఎవరూ రారు. ఇరవై ఏళ్లుగా పార్లమెంటులో ఈ విషయం మీద మన వైపు నుంచి గట్టి గొంతు వినిపించకపోవడానికి ఇదొక కారణమని నా అనుమానం.

నేను భద్రాచలంలో ఉండే రిటైర్డ్ టీచర్ని. మా ఇంటి అరుగు మీద కూర్చుని చుట్టుపక్కలవాళ్లకు అర్జీలు రాసిపెట్టడం రిటైరవకముందు నుంచీ అలవాటు. రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, ఇంటి జాగా, ఎక్కువగా మాత్రం పింఛను.

మీకు మా ఊరి భూగోళం కొంచెం చెప్పాలి. భద్రాచలం నుంచి కూనవరం రోడ్డు పట్టుకుంటే, ఊరు దాటామో లేదో ఎటపాక వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ముంపు ప్రాంతమని ఇక్కడి మండలాలను అటు కలిపారు, భద్రాచలం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. ఒకే గోదావరి, ఒకే బజారు, జ్వరమొస్తే ఒకే ఆసుపత్రి. అటువైపు వాళ్లు పొద్దున్నే కూరగాయల గంపలతో ఇటు వస్తారు, ఇటువైపు వాళ్లు కూలికి అటు పోతారు. ఇద్దరు అక్కాచెల్లెళ్లు నాకు బాగా తెలుసు. ఇద్దరికీ 65 దాటాయి. ఇద్దరూ జీవితమంతా పొగాకు, మిరప చేలల్లో కూలి చేసినవాళ్లే. అక్కని ఎటపాక వైపు ఇచ్చారు, చెల్లెల్ని ఇక్కడే ఇచ్చారు. అక్కకి 2024 జులై నుంచి నెలకు 4,000 వస్తోంది. చెల్లెలికి 2,016. పండక్కి కలిసినప్పుడు చెల్లెలు, "మా అయ్య నన్ను కూడా ఆ ఒడ్డునే ఇచ్చుంటే పోయేది" అని నవ్వుతూనే అంటుంది. ఒడ్డూ లేదు, గట్టూ లేదు, మధ్యలో తారు రోడ్డు మీద ఒక బోర్డు ఉందంతే.

ఆ అక్కాచెల్లెళ్ల బాధ రాష్ట్రాల లెక్క, మాకేం సంబంధం అనకండి. సంబంధం అక్కడే ఉంది. బీహార్‌లో 2025 జూన్ దాకా ఇదే వృద్ధాప్య పింఛను 400 రూపాయలు. ఎన్నికల ముందు దాన్ని 1,100 చేశారు. అంటే ఒక్క దేశంలో, ఒకే వయసులో, ఒకే రకం పేదరికంలో ఉన్న మనిషి ఏ రాష్ట్రంలో పుట్టాడన్న దాన్ని బట్టి అతని ముసలితనం విలువ మారుతోంది. ఖజానాలో డబ్బున్న రాష్ట్రం ఎక్కువ ఇస్తుంది, లేనిది తక్కువ ఇస్తుంది. పేద రాష్ట్రాల్లో పేదలు ఎక్కువ కాబట్టి, సాయం ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే తక్కువ పడుతోంది. ఈ తేడాను పూడ్చడానికే కదా పైన కేంద్రమనేది ఉంది? అది పూడ్చాల్సిన చోట రెండొందలు పెట్టి కూర్చుంది.

మన దగ్గర మాత్రం పింఛను ఎప్పుడు పెరిగిందో చూడండి. ఆంధ్రలో 2014 ఎన్నికల తరువాత వెయ్యి. 2019 ఎన్నికలకు ముందు జనవరిలో రెండు వేలు. ఎన్నికలయ్యాక 2,250. ఆపైన విడతలు విడతలుగా పెరిగి 2024 జనవరికి మూడు వేలు, మళ్ళీ ఎన్నికలు అవగానే నాలుగు వేలు. తెలంగాణలో 2014 నవంబరులో వెయ్యి, 2018 ఎన్నికల హామీ ప్రకారం 2019లో 2,016. 2023 ఎన్నికల్లో నాలుగు వేల మాట వచ్చింది. పెంచినవాళ్లను నేను తప్పుపట్టను, పెంచినందుకు దండం పెడతాను. నా ఫిర్యాదు వేరే. ముసలివాళ్ల మందుల ఖర్చు, పప్పుల ధర ఎన్నికల క్యాలెండర్ చూసుకుని పెరగవు. రెండు ఎన్నికల మధ్య ఐదేళ్లు ఆ మొత్తం కరిగిపోతూనే ఉంటుంది.

ధరలతో పాటు ఆదాయం పెరిగే ఏర్పాటు ఈ దేశంలో లేదా అంటే, ఉంది. నాకుంది. నాకు వచ్చే పెన్షన్ మీద డీఏ, అంటే కరువు భత్యం ఉంటుంది. (బకాయిలు పేరుకుపోవడం మీద మా సంఘాల గొడవ వేరే సంగతి, ఇక్కడ వద్దు.) కేంద్ర ఉద్యోగులకైతే జనవరి నుంచి ఒకసారి, జులై నుంచి ఒకసారి డీఏ సవరిస్తారు. ఆ లెక్కను ఈ రెండొందలకు కట్టి చూశాను. లెక్కల టీచర్ని, చెయ్యి ఊరుకోదు.

2006 జనవరి 1 నుంచి ఆరో వేతన సంఘం స్కేళ్లు అమలయ్యాయి. ఆ రోజు డీఏ సున్నా. 2016 జనవరి నాటికి అది 125 శాతం. ఏడో వేతన సంఘం దాన్ని జీతంలో కలిపేసి, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టింది. 2025 జులైకి కొత్త డీఏ 58 శాతం. అంటే 2006 నాటి వంద రూపాయలు ముందు 225 అయ్యాయి, దాని మీద 58 శాతం కలిపితే 355 రూపాయల 50 పైసలు. ఇదేమీ జీతం పెంపు కాదు, వేతన సంఘాలు ధరలకు మించి పెంచిన మొత్తాలు (ఫిట్‌మెంట్లు) ఇందులో లేవు. వంద రూపాయలకు 2006లో ఏమొచ్చేదో అదే ఇప్పుడు కొనడానికి ప్రభుత్వం తన ఉద్యోగుల విషయంలో ఒప్పుకున్న లెక్క. ఆ లెక్కన రెండొందలు ఇవాళ 711 రూపాయలు కావాలి.

ఏడు వందల పదకొండు. ఇదీ దానధర్మం కాదు. 2006లో ఇచ్చిన మాటను అలాగే నిలబెట్టుకోవాలంటే ఇవ్వాల్సిన మొత్తం. ఇంకోవైపు నుంచి చూస్తే, ఇవాళ ఇస్తున్న 200 విలువ 2006 రూపాయల్లో 56. అంటే 1995లో 75 రూపాయలతో మొదలుపెట్టిన చోటు కన్నా కిందికి పోయాం.

మీ సంగతి కూడా చెప్పక తప్పదు, ఏమీ అనుకోకండి. 2018లో ఆర్థిక చట్టంలో ఒక ఏర్పాటు చేసుకున్నారు: ఎంపీల జీతం ఐదేళ్లకోసారి ధరల సూచీ ప్రకారం దానంతటదే పెరుగుతుంది. ఆ ప్రకారం 2025 మార్చిలో నోటిఫికేషన్ వచ్చింది. జీతం లక్ష నుంచి 1,24,000. మాజీ ఎంపీల పెన్షన్ 25,000 నుంచి 31,000. రోజు భత్యం 2,000 నుంచి 2,500. అదీ 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా, వెనకటి తేదీతో. నేను దీన్ని తప్పనడం లేదు. ప్రజాప్రతినిధికి జీతం ఉండాలి, ధరలతో పాటు పెరగాలి. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా, సభలో ప్రతిసారీ రభస కాకుండా సూచీకి కట్టేయడం నిజానికి మంచి పద్ధతి. అంత మంచి పద్ధతి మీ చేతిలోనే ఉండగా అది పింఛనుకు ఎందుకు పనికిరాలేదో మాత్రం చెప్పండి.

డబ్బు మొత్తం ఒక ఎత్తు, జాబితా ఇంకో ఎత్తు. నిజానికి జాబితా సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కేంద్రం ఈ పథకానికి రాష్ట్రాలవారీగా మందిని లెక్క కట్టి పరిమితి పెట్టింది. ఆ లెక్కకు ఆధారం 2001 జనాభా లెక్కలు. పేదలెవరో తేల్చిన జాబితా 2002 సర్వేది. అప్పుడు నలభై ఏళ్ల వయసులో, పని చేసుకునే సత్తువతో ఉన్న కూలి మనిషి ఇప్పుడు ముసలివాడు. ఇరవై ఏళ్ల కింద భర్త బతికి ఉన్న ఇల్లాలు ఇప్పుడు ఒంటరిది. దేశమంతటా అన్ని రకాల పింఛన్లూ కలిపి ఈ కార్యక్రమం కింద సుమారు 3 కోట్ల మందికే జాగా. ఒకరు చనిపోతే తప్ప ఇంకొకరికి చోటుండదు. మా అరుగు మీద అర్జీ రాయించుకునేటప్పుడు ఒకాయన, "ఎవరన్నా పోవాలని కోరుకోవాలా సారూ" అని అడిగాడు. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. మీ దగ్గరుంటే చెప్పండి, ఆయనకు చెబుతాను.

కేంద్రం నిబంధనలు ఇంకా రెండు చెబుతాను. వికలాంగుల పింఛను రావాలంటే 80 శాతం వైకల్యం ఉండాలి. ఒక కాలు పూర్తిగా పనిచేయని మనిషికి చాలాసార్లు అంత శాతం రాయరు. మన రాష్ట్రాలు 40 శాతం ఉంటే చాలంటున్నాయి. వితంతువుకైతే 40 ఏళ్లు నిండాలి. మా ఏజెన్సీలో ఇరవై ఎనిమిదేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని, ఇద్దరు పిల్లలతో మిరప చేలకు పోయే ఆడవాళ్లు ఎంతమందో. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న ఆ పన్నెండేళ్లే ఆమెకు అసలైన కష్టకాలం. ఆ పన్నెండేళ్లూ కేంద్రం లెక్కలో ఆమె వితంతువే కాదు.

ఇక చేతికి అందడం. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను, ఎందుకంటే పాపం అక్కడ కూర్చున్న కుర్రాడి తప్పేమీ లేదు. మా వీధి పెద్దమ్మ ఒకావిడకు తోడుగా వెళ్లాను. మిరప కోతలు, తొడిమలు తీయడం అప్పుడే అయిపోయాయి. వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయి, సన్నగా చీలి ఉన్నాయి. వేలిముద్ర మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు. చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటే. "ఇంకో వేలు పెట్టవ్వా." ఇంకో వేలు. "గట్టిగా నొక్కవ్వా." నొక్కింది. "అంత గట్టిగా కాదవ్వా." వెనక వరసలో ఉన్న ఒకామె సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి ఇచ్చింది. అంటే ఇది ఆమెకు కూడా నెలనెలా ఉండేదే, సీసా వెంట తెచ్చుకుంటోంది. పదో వేలు కూడా అయిపోయాక "రేపు రా అవ్వా" అన్నాడు. రేపు రావడమంటే ఆమెకు ఆటో చార్జీ, ఒక పూట కూలి. జీవితాంతం పని చేసిన చేతులనే యంత్రం నమ్మడం లేదు. ఇప్పుడు ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కూడా వచ్చింది, కాస్త నయమే. సిగ్నల్ ఉండాలి మరి.

డబ్బెక్కడిది అంటారని తెలుసు. లెక్కే చెబుతాను. ఈ మొత్తం కార్యక్రమానికి కేంద్ర బడ్జెట్‌లో 2025-26కి కేటాయించింది 9,652 కోట్లు. అంతకు ముందు ఏడాదీ అంతే, దాని ముందూ దాదాపు అంతే. ఆ అంకె కూడా పింఛను లాగే కదలదు. కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల 65 వేల కోట్లు. అంటే వంద రూపాయల ఖర్చులో 19 పైసలు. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే 60 లక్షల మందికి పైగా పింఛన్లు ఇస్తోంది. తలకు నాలుగు వేల చొప్పున వేసుకున్నా ఏడాదికి 28,800 కోట్లు. ఒక్క రాష్ట్రం, అదీ అప్పుల్లో ఉన్న రాష్ట్రం, దేశమంతటికీ కేంద్రం పెట్టేదానికి మూడింతలు పెడుతోంది. కేంద్రం ఇచ్చే 200ని 711 చేసి, 300ని, 500ని కూడా ఆ దామాషాలో పెంచినా, 19 పైసలు 70 పైసలు కావు. మిగతా 99 రూపాయల 30 పైసలు మీ ఇష్టం.

పైగా ఉన్న ఆ కొంచెం కూడా అటు ఇటు పోయింది. ఈ కార్యక్రమం డబ్బులో 2.83 కోట్లను గ్రామీణాభివృద్ధి శాఖ వేరే పథకాల ప్రచారానికి మళ్లించిందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో రాసింది. మొత్తంలో అది చిన్నదే. కానీ రెండొందల లెక్కన అది 1,41,500 నెలసరి పింఛన్లు.

"ఉచితాలు" అన్న మాట కూడా ఈ మధ్య బాగా వినిపిస్తోంది. నలభై ఏళ్లు చేలో వంగి, రోడ్లు వేసి, ఇళ్లు కట్టి, పిల్లల్ని పెంచిన మనిషికి పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. చేసిన పనికి యజమాని పేరు కూడా ఏ కాగితంలోనూ ఉండదు. దేశంలో పనిచేసేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఇలాంటివాళ్లే. ఆమె కొన్న సబ్బు మీద, నూనె మీద, బస్సు టికెట్టులోని డీజిల్ మీద పన్ను కడుతూనే వచ్చింది. నా పెన్షన్ హక్కు, ఆమె పింఛను ఉచితం ఎలా అవుతాయి? పీఎఫ్ ఉన్న ప్రైవేటు ఉద్యోగి పరిస్థితి కూడా గొప్పగా లేదనుకోండి. పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) కింద కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలే. ఆ లేఖ వేరే రాయాలి.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2017లో అరవై మంది ఆర్థికవేత్తలు ఆర్థిక మంత్రికి ఉత్తరం రాశారు, కనీసం 500 చేయమని. మళ్ళీ రాశారు, మళ్ళీ రాశారు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు వృద్ధుల కేసులో ఈ పథకాలను ఇప్పటి పరిస్థితులకు తగ్గట్టు మళ్ళీ చూడమని కేంద్రానికి చెప్పింది. మీ సభల గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం పింఛను పెంచమని ఒకసారి కాదు, పదేపదే సిఫారసు చేసింది. ఆ సంఘంలో కూర్చున్నది మీలాంటి ఎంపీలే. సభలో ఎవరైనా అడిగితే శాఖ ఇచ్చే జవాబు కూడా మీకు తెలిసిందే: రాష్ట్రాలు కూడా కనీసం సమానంగా కలపాలని ప్రోత్సహిస్తున్నాం. దాదాపు ఇరవై రెట్లు ఇస్తున్న రాష్ట్రానికి సమానంగా కలపమని సలహా!

ఒక తేడా గమనించండి. పనికి 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. తిండికి 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఆ చట్టాలు ఎలా నడిచాయన్నది వేరే చర్చ, కానీ రేషన్ బియ్యం రాకపోతే "నా హక్కు" అని అడిగే ధైర్యం పల్లెలో వచ్చింది. ముసలితనంలో, జబ్బులో, వైకల్యంలో ప్రభుత్వం ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణంలో మొదటే రాసి ఉంది. అయినా పింఛనును హక్కు చేసే కేంద్ర చట్టం ఇంతవరకూ లేదు. పథకంగానే ఉండిపోయింది. పథకమంటే ఇచ్చేవాడి దయ.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. కేంద్రం, రాష్ట్రాలు పన్నుల డబ్బు ఎలా పంచుకోవాలో చెప్పేది ఆర్థిక సంఘం; 2026 ఏప్రిల్‌తో పదహారో సంఘం కాలం మొదలు. కేంద్ర పథకాల లెక్కలు తిరగరాయడానికి అదను ఇదే. మొదటగా, కేంద్రం వాటాను 711 చేసి, డీఏ పెరిగిన ప్రతిసారీ అదే శాతంతో పెరిగేలా ఉత్తర్వు అడగండి. సూచీకి కట్టేస్తే ఇక ఏ ముఖ్యమంత్రీ, ఏ ప్రధానీ ఫొటో వేసుకుని పెంచనక్కర్లేదు. అది మీకు నచ్చకపోవచ్చు, ముసలివాళ్లకు నచ్చుతుంది. 2001 పరిమితి ఎత్తేసి, కొత్త జనాభా లెక్కలు వచ్చేదాకా రాష్ట్రాల జాబితాలనే ఒప్పుకోమని అడగండి. 80 శాతం వైకల్యం, 40 ఏళ్ల వితంతువు నిబంధనలు తీసేయమనండి. వేలిముద్ర పడకపోతే అదే రోజు, అదే చోట, సంతకమో సాక్షి మాటో తీసుకుని డబ్బు ఇచ్చేలా రాతపూర్వక నిబంధన ఉండాలి.

రాష్ట్ర విభజన మీద, ప్రత్యేక హోదా మీద, నీళ్ల మీద మీరు వేర్వేరు వైపుల నిలబడి కొట్లాడుకున్నారు, అది మీ రాజకీయం. దీని మీద కొట్లాడుకోవడానికి ఏమీ లేదు. కేంద్రం వాటా పెరిగితే ఆంధ్ర ఖజానాకూ మిగులుతుంది, తెలంగాణ ఖజానాకూ మిగులుతుంది. మా ఎటపాక, భద్రాచలం అక్కాచెల్లెళ్ల మధ్య తేడా తగ్గడానికి తెలంగాణకు కాస్త వెసులుబాటు దొరుకుతుంది. వచ్చే సమావేశాల్లో జీరో అవర్‌లో ఒక్కరు లేచినా సరే, అరవై మందీ సంతకం పెట్టి గ్రామీణాభివృద్ధి మంత్రికి ఒక ఉత్తరం ఇచ్చినా సరే. ప్రైవేటు మెంబరు బిల్లు పెడతానని ఎవరైనా ముందుకొస్తే ముసాయిదా రాయడానికి నాలాంటి రిటైర్డ్ వాళ్లం చాలామందిమి ఖాళీగానే ఉన్నాం.

మీరు సభలో అడిగిన ప్రశ్న, దానికి మంత్రి ఇచ్చిన జవాబు మీ నియోజకవర్గంలో ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకూ అంటించండి. అడగలేదనుకోండి, ఎందుకు అడగలేదో అయినా రాసి అంటించండి.

ఇట్లు,
భద్రాచలం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల టీచర్